పెరటి మెట్లకి పైపు

కంప్యూటర్ కీబోర్డులో ఎడమ చేతి వైపు ట్యాబ్ అని ఒక మీట ఉంటుంది, గమనించారా? తెలుగు టైపు చేసుకునేటప్పుడు నాకు దాంతో పనే పడదు. మా అమ్మాయి మాత్రం మాటిమాటికీ ఆ మీట నొక్కుకుంటూ మా పెరటి మెట్లకి ఒక పైపు గీసింది. గీయడానికి రెండు శని ఆదివారాలు పట్టింది. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నేను చూసిందీ, అడిగి తెలుసుకున్నదీ చెప్తాను. ఇంట్లో పెద్దవాళ్ళున్న వాళ్ళకి పనికొస్తుంది కూడా.

ముందు మా పెరడు చెప్పాలి. మాది అరసవల్లిలో పాత పెంకుటిల్లు. సూర్యనారాయణస్వామి గుడికి నడిచి వెళ్ళేంత దూరం. వీధి వైపు గచ్చు, గ్రిల్లు అన్నీ మార్చుకున్నాం గానీ పెరటి వైపు ఇంకా మా అత్తగారి కాలం నాటిదే. వంటింటి తలుపు తీస్తే అరుగు. అరుగు మీద గోడ వెంట ఆరడుగులు నడిస్తే చివర మూడు మెట్లు. ఆ మెట్లు గోడ వెంట కాదు, గోడకి అడ్డంగా, పెరట్లోకి దిగుతాయి. దిగితే నుయ్యి. నూతి గట్టు దాటి కొంచెం ఏటవాలుగా పక్కకి తిరిగితే బాత్రూము. ఇంట్లోనే ఒకటి కట్టించుకోవచ్చు కదా అని చూసినవాళ్ళందరూ అంటారు. మావయ్యగారు ఒప్పుకోరు. దేవుడి గది గోడకి అవతల బాత్రూము ఉండకూడదని ఆయన పట్టు. మా ఇంట్లో ఏ గోడ చూసినా ఎక్కడో ఒక చోట దేవుడి గది గోడకి చుట్టమే.

పుష్యమాసంలో ఒక రాత్రి రెండింటికి మావయ్యగారు ఆ మెట్ల దగ్గర పడ్డారు. ఆయనకి 78 ఏళ్ళు. నడుం బతికిపోయింది, కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు అన్నారు. రథసప్తమికి గుడికి వెళ్ళడం కుదరలేదు. చిన్నప్పట్నించీ ఆ ఊళ్ళో ఉన్న మనిషికి అదెంత బెంగో వేరే చెప్పక్కర్లేదు.

అయితే కట్టు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి. సాయంత్రం ఆరు దాటాక ఆయన నీళ్ళు తాగడం మానేశారు. అడిగితే దాహం లేదన్నారు. మజ్జిగ వద్దన్నారు. చారు పక్కకి నెట్టారు. పెదాలు పగిలాయి, మాట పిడచగట్టుకుపోతోంది. రాత్రి లేవక్కర్లేకుండా చూసుకుంటున్నారన్నమాట. ఆయన లేస్తే నేనూ లేవాలి కదా, అదీ ఆయన లెక్క. మంచం పక్కన కమోడు కుర్చీ పెడతామంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పట్టుకుని నడవడానికి ఒక పైపు వేయిద్దాం అన్నారు మావారు. కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసి వెల్డింగు షాపులో ఇచ్చొచ్చారు. గోడకి ఎదురుగా నిలబడితే ఎలా కనిపిస్తుందో అలా గీశారు. నిలువుగా ఒక కాలు, గోడ వెంట అడ్డంగా పొడుగు, చివర వంపు. ఆ వంపు కిందికా, మన వైపుకా అని వెల్డరు ఫోన్ చేసి అడిగాడట. ఆఫీసులో ఏదో హడావిడిలో ఉన్న ఈయన "ఆఁ, అదే అదే" అన్నారట. పైపు వచ్చింది. చివర చక్కగా గోడ వెంటే కిందికి వంగింది! మెట్లేమో పెరట్లోకి. ఆ పైపు ఇప్పుడు మా ఆనపపాదుకి రాట.

మా అమ్మాయిది డిప్లొమాలో మెకానికల్, ఆఖరి సంవత్సరం. ఆరు నెలల ట్రైనింగు కోసం వైజాగ్‌లో ఉంటోంది. శనివారం సాయంత్రం రైలెక్కి ఆమదాలవలసలో దిగి వస్తుంది. పాలిసెట్ ర్యాంకు వచ్చినప్పుడు అందరూ కంప్యూటర్ తీసుకోమంటే తను మెకానికల్ అంది. "ఆడగుంటకి ఇనుంతో పనేటి?" అని మావయ్యగారు మూడు నెలలు సణిగారు. ఆ మాట దానికి బాగా గుర్తుంది. ఆనపపాదు దగ్గరికెళ్ళి పైపు చూసి పది నిమిషాలు నవ్వింది, తర్వాత బట్టలైనా మార్చుకోకుండా ల్యాప్‌టాప్ తీసింది.

సాలిడ్‌వర్క్స్ అని, వస్తువుల్ని మూడు వైపుల నుంచీ గీసే సాఫ్ట్‌వేర్. మా దానికి విద్యార్థులకిచ్చే వెర్షన్ ఉంది. "నాన్న గీసిన గీత తప్పు కాదమ్మా. ఏ తలం మీద గీశారో చెప్పలేదు, అంతే" అంది.

తలం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చదివింది బి.ఏ. తెలుగు. కరతలం, భూతలం, కింది లోకాల్లో అతల వితల సుతలాల నుంచి రసాతలం దాకా. దానికి ఇవన్నీ చెప్పబోతే "అమ్మా, అంత కిందికి వద్దు, మనకి మూడు చాలు" అంది.

ఆ మూడూ మన గుమ్మం దగ్గరే ఉన్నాయి. పండగ పూట చూడండి, వాకిట్లో నేల మీద ముగ్గు పెడతాం. గడప నిలువు ముఖానికి పసుపు రాసి దిద్దుతాం. ద్వారబంధం లోపలి పక్కన కుంకుమ బొట్లు పెడతాం. నేల ఒక తలం, గడప ముఖం ఇంకొకటి, ద్వారబంధం పక్క మూడోది. మూడూ ఒకదానికొకటి నిటారుగా ఉంటాయి, మూడూ గడప మూల దగ్గర కలుస్తాయి. ఆ మూలే వాళ్ళ లెక్కలో సున్నా. అక్కడి నుంచి పక్కకి వెళ్తే ఎక్స్, పైకి వెళ్తే వై, మన వైపుకి వస్తే జెడ్. ఎదుటి గోడ ఎక్స్‌వై తలం, పక్కగోడ వైజెడ్, నేల జెడ్‌ఎక్స్.

ఇంతకీ కంప్యూటర్‌కి ఈ తలాల గొడవ ఎందుకు? బొమ్మ కనిపిస్తోంది కదా, కనిపించిన చోట గీత గీస్తే పోదా అని అడిగాను. అది నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దం మీద వేలు పెట్టమంది. "ఇప్పుడు నీ వేలు దేన్ని చూపిస్తోంది?" అంది. వేలి కింద ఎదురింటి వాళ్ళ కొబ్బరి మట్ట ఉంది. దాని వెనకే చందమామ ఉంది. వేలు ఒకటే, చూపించేది మట్టా, చందమామా? తెర కూడా అంతేనట. తెర మీద ఒక చోట నొక్కితే కుడి ఎడమలు ఎంతో, ఎత్తు ఎంతో తెలుస్తుంది గానీ దూరం తెలీదు. ఈ గీత ఫలానా గోడని అంటుకుని ఉంటుంది అని మనం ముందే చెప్పేస్తే ఆ దూరం దానికి దొరుకుతుంది. అందుకే ఎప్పుడూ ఒక తలాన్ని పట్టుకునే గీయాలి.

మామూలుగా ఒక తలం ఎంచుకున్నాక ఆ బొమ్మంతా దాని మీదే పూర్తి చేస్తారట. పైపులకి అలా కుదరదు. పైపు ఒక గోడ వెంట వెళ్ళి, ఇంకో వైపు తిరిగి, నేలకి సమంగా వంకర పోతుంది. అలాంటి వాటి కోసం త్రీడీ స్కెచ్ అని ఉంది. అందులో గీస్తూ గీస్తూనే తలం మార్చుకోవచ్చు. గీత గీసే గుర్తు పక్కన చిన్నగా ఎక్స్‌వై అని ఉంటుంది. ట్యాబ్ నొక్కితే వైజెడ్ అవుతుంది. మళ్ళీ నొక్కితే జెడ్‌ఎక్స్. మళ్ళీ నొక్కితే మొదటికొస్తుంది.

చెప్పినంత సులువుగా లేదు. మొదటి శనివారం రాత్రి అది తలుపు పక్క కాలు నిలబెట్టింది, గోడ వెంట ఆరడుగులు గీసింది, మెట్ల వైపు తిప్పి కిందికి దింపింది. తెర మీద చూస్తే అచ్చం మా మెట్లు దిగుతున్నట్టే ఉంది. "అయిపోయిందిగా, పడుకో" అన్నాను. అది మౌసు మధ్య చక్రం నొక్కి పట్టుకుని బొమ్మని తిప్పింది. చూద్దునూ, మెట్లు దిగిందనుకున్న ముక్క గోడకే అంటుకుని ఏటవాలుగా పడుంది! మూల దగ్గర ట్యాబ్ నొక్కలేదన్నమాట. తెర మీద ముందుకొచ్చినట్టు కనపడిన గీతని కంప్యూటర్ గోడ మీద వాలు గీతగా తీసుకుంది. ఒక వైపు నుంచి చూస్తే రెండిటికీ తేడా తెలీదు. నాన్న కరెంటు బిల్లు బొమ్మకీ దీనికీ తేడా ఏముంది అంటే ముఖం ముడుచుకుంది.

ఆ తర్వాత దానికో అలవాటు వచ్చింది. రెండు గీతలు గీయడం, బొమ్మ తిప్పి చూడడం, మళ్ళీ రెండు గీతలు. అన్నం ఉడికిందో లేదో మనం మధ్యలో మెతుకు పట్టి చూసినట్టు. కొలత ఇవ్వని గీతలు నీలంగా ఉంటాయి, పట్టుకు లాగితే కదులుతాయి. కొలతలన్నీ ఇచ్చి, ఇది నిలువు, ఇది అడ్డం అని చెప్పేస్తే నల్లబడి కదలకుండా ఉంటాయి. నాకు ఆ నల్లబడడం చూస్తుంటే భలే హాయిగా ఉండేది.

ఇంకో తిరకాసు ఉంది. కాలేజీలో దీనికి ఆటోక్యాడ్ నేర్పారు. అందులో ఎత్తుని చూపించేది జెడ్. సాలిడ్‌వర్క్స్‌లో ఎత్తు వై. పుట్టింట్లో ఉప్పు డబ్బా ఉండే చోట అత్తింట్లో కారం డబ్బా ఉన్నట్టు. ఆ చెయ్యి అలవాటు పోవడానికి కొన్నాళ్ళు పడుతుంది, మనకి తెలీనిదా!

ఈ తలాల చదువుకి మూలపురుషుడు గాస్పార్ మోంజ్ అని ఫ్రాన్సు దేశస్థుడట. కోట గోడలు ఎంత ఎత్తు కట్టాలో లెక్కలతో తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఆయన ఒక నిలువు తలం, ఒక నేల తలం పెట్టుకుని వస్తువు నీడని రెండింటి మీదా గీసి తేల్చేశాడు. ఆ పద్ధతిని సైన్యం చాలా ఏళ్ళు రహస్యంగా దాచుకుంది. పుస్తకంగా వచ్చింది 1799లో. మా అమ్మాయి మొదటి సంవత్సరం ఎన్.డి. భట్ గారి ఇంజనీరింగ్ డ్రాయింగ్ పుస్తకం ముందేసుకుని, హెచ్.పి., వి.పి. అంటూ ఏడుస్తుంటే నేను చీర అట్టపెట్టె మూత సగం తెరిచి పట్టుకునేదాన్ని. నిలబడింది గోడ, పడుకుంది నేల. మధ్యలో అగ్గిపెట్టె పెట్టి రెండు వైపుల నుంచీ చూసేది. తర్వాత మూత పూర్తిగా పడుకోబెట్టేస్తే రెండు బొమ్మలూ ఒకే కాగితం మీదకి వచ్చేవి. మోంజ్ చేసిందీ ఇదేనని మొన్న తెలిసింది. ఆయనకి కోట ఉంది, నాకు ఉప్పాడ చీర పెట్టె.

ఆదివారం పొద్దున్న టేపు పట్టుకుని కొలతలకి దిగాం. ఇక్కడ అసలు సంగతి బయటపడింది. మొదటి మెట్టు ఎత్తు 7 అంగుళాలు. రెండోది 7. మూడోది, అంటే ఆఖరి మెట్టు నుంచి నేలకి, పదిన్నర! అది నమ్మలేక మూడుసార్లు కొలిచింది. అరుగు మీద కుర్చీలో కూర్చుని చూస్తున్న మావయ్యగారు అప్పుడన్నారు, "అక్కడ నాపరాయి ఉండేదే అమ్మడూ. మోటారు పైపుకి తవ్వినప్పుడు తీసినారు. మరి వెయ్యలేదు" అని.

ఆయన కాళ్ళకి యాభై ఏళ్ళుగా ఆ రాయి గుర్తు. పగలైతే కళ్ళు చూసుకుంటాయి. రాత్రి నిద్రకళ్ళతో కాలు పాత లెక్కనే కిందికి దింపితే మూడున్నర అంగుళాలు గాల్లో ఉంది. ఈ మెట్లకి ఎదురుగా నిలబడి ఎన్నిసార్లు చూసినా ఆ తేడా కనపడదు. పక్కకి వెళ్ళి, నేల మీద ఒంగుని చూస్తే కనిపిస్తుంది. అది పక్క తలంలో గీయబోయింది కాబట్టి పక్క నుంచి కొలిచింది. పైపు సంగతి తర్వాత, ముందు అక్కడ రాయి వేయించాలి అనుకున్నాం. మీ ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళు తిరిగే మెట్లు ఒకసారి టేపు పెట్టి కొలవండి. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, ఒక్కటి కూడా వేరేగా ఉండకూడదు.

పైపు ఎంత ఎత్తులో ఉండాలో మావయ్యగారిని నిలబెట్టి చూశాం. 34 అంగుళాలు ఆయనకి సరిపోయింది. పైపు లావు ఇంచున్నర లోపు ఉండాలంది, అంతకంటే లావైతే పిడికిలి మూసుకోదు. అదంతా అది చూసుకుంది. నేను అడిగింది ఒకటే, వెళ్ళేటప్పుడు పైపు ఏ చేతి వైపు ఉంటుంది అని. మెట్లు దిగుతుంటే ఎడమ చేతి వైపు. మరి తిరిగొచ్చేటప్పుడు? కుడి చెయ్యి. విరిగిన చెయ్యి! దిగడానికి ఆధారం ఉండి ఎక్కడానికి లేకపోతే ఆయన పొద్దున దాకా నూతి గట్టు మీద కూర్చోవాలి. కంప్యూటర్‌లో ఎన్ని తలాలున్నా ఆ మనిషి ఏ చేత్తో పట్టుకుంటాడో దానికి తెలీదు కదా.

మెట్లకి రెండో వైపు కూడా పైపు కావాలని తేలింది. మళ్ళీ అంతా గీయాలా అని నేను జాలిపడ్డాను. అక్కర్లేదట. మెట్ల మధ్యలో కనపడని అద్దం లాంటి తలం ఒకటి నిలబెట్టింది. ఈ పక్క పైపు ఆ పక్క ప్రతిబింబంలా వచ్చి నిలబడింది. వెల్డరుకి మాత్రం అద్దం సౌకర్యం లేదు, ఖర్చు రెండింతలు.

మావయ్యగారికి ఇదంతా కాలక్షేపంగా మొదలై పట్టుదలగా మారింది. కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ పక్కకి వచ్చేశారు. ఎక్స్, వై, జెడ్ గుర్తుపెట్టుకోవడానికి చేతి వేళ్ళ గుర్తు ఒకటి ఉంది. బొటనవేలు ఎక్స్, చూపుడు వేలు వై, మధ్య వేలు ముందుకి చాపితే జెడ్. అమ్మాయి చూపించింది. ఆయన కుడి చేతికి కట్టుంది కాబట్టి ఎడమ చెయ్యి ఎత్తి పెట్టారు. "తాతయ్యా, ఎడమ చెయ్యి వద్దు, జెడ్ తిరగబడిపోతుంది" అని కంగారుపడింది. నిజంగానే తిరగబడుతుంది, పెట్టి చూడండి. బొటనవేలూ చూపుడు వేలూ రెండు చేతులకీ ఒకే దిక్కుల్లో పెడితే మధ్య వేలు ఒక చేతిది మన వైపుకొస్తుంది, రెండో చేతిది గోడ వైపుకి పోతుంది. "అయితే నీ కంప్యూటరు కుడిచేతి వాటమా?" అన్నారాయన. అవునంది.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి అది కాసేపు ఆగిపోయింది. "ఇలగ పక్కకీ, ఇలగ కిందకీ, ఇటు మన వైపుకీ, మూడూ ఒకేసారి పోయే గీత ఉంటే ఏ గోడ మీద గీస్తావే?" అన్నారు. నాకూ ఆ అనుమానం వచ్చింది గానీ అడగడం చేతకాలేదు. అలాంటి గీత ఆ మూడు తలాల్లో దేనికీ అంటుకోదట. దాని కోసం ఏటవాలుగా కొత్త తలం ఒకటి పుట్టించుకోవాలి, లేదా దాని రెండు చివర్లూ ఎక్కడున్నాయో వేరువేరుగా చెప్పి కలపాలి.

"అలాంటిది ఒకటి మన గుళ్ళోనే ఉంది తాతయ్యా" అంది. ఉంది మరి. ఏటా మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు మొదటి రోజుల్లో పొద్దున్నే స్వామి పాదాల మీద పడే కిరణం. ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడంటారు ఆ గుడి. ఆ కిరణాన్ని పైనుంచి చూస్తే సరిగ్గా తూర్పు నుంచి రాదు, నాలుగు డిగ్రీలు దక్షిణం నుంచి బయల్దేరుతుంది. పక్క నుంచి చూస్తే పైనుంచి కిందికి వాలుతుంది. ఒక కాగితం మీద నేల మీది గీత గీసింది, ఇంకో కాగితం మీద గోడ మీది గీత గీసింది. రెండూ కలిస్తేగానీ కిరణం రాదు.

రెండుసార్లే ఎందుకు అన్నది మావయ్యగారే చెప్పారు. దక్షిణానికి పోతూ ఒకసారి, ఉత్తరానికి వస్తూ ఒకసారి సూర్యుడు అదే చోట లేస్తాడు. నేను గోడ క్యాలెండరు తెచ్చి లెక్కపెట్టాను. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 10కి 79 రోజులు. ఇన్నేళ్ళు ఆ ఊళ్ళో కాపురం చేస్తూ ఈ రోజులు ఎప్పుడూ లెక్కపెట్టలేదు, ఆ సాయంత్రం ముగ్గురం మూడుసార్లు లెక్కపెట్టాం. మావారు వచ్చి టీ అడిగితే ఎవరూ వినిపించుకోలేదు.

రెండో ఆదివారానికి బొమ్మ పూర్తయింది. తలుపు పక్క నుంచి ఎక్స్‌వైలో గోడ వెంట. మూల దగ్గర ట్యాబ్, వైజెడ్‌లో మెట్ల వెంట కిందికి. ఆఖరి మెట్టు దాటాక ఒక అడుగు నేలకి సమంగా, ఎందుకంటే మెట్టుతో పాటే పైపు ఆగిపోతే కాలు ఆనక ముందే చెయ్యి ఖాళీ అవుతుంది. అక్కడ ఇంకో ట్యాబ్, జెడ్‌ఎక్స్‌లో నూతి గట్టు పక్కగా ఏటవాలుగా బాత్రూము తలుపు దాకా. మలుపుల దగ్గర మూలలు గుండ్రం చేసింది. గీత పొడుగునా గుండ్రటి పైపు పాకించమని చెప్తే, అప్పటి దాకా సన్నటి దారంలా ఉన్నది ఒక్కసారి పైపై కూర్చుంది.

ఎదురు నుంచి, పై నుంచి, పక్క నుంచి మూడు బొమ్మలూ, ఏటవాలుగా చూసే నాలుగో బొమ్మా ఒకే కాగితం మీద ప్రింటు తీసుకుని ఈసారి అదే వెల్డింగు షాపుకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. వెల్డరు కాగితాన్ని ఒక నిమిషం చూసి, ఫోన్‌లో ఉన్న బొమ్మని వేలితో గిరగిరా తిప్పి "ఇది మన వైపుకి, ఇది కిందికి" అని తనే అన్నాడు. వంపు ఎటు అన్న ప్రశ్న రాలేదు. అతను అడిగింది వేరే, "మీది పాత గోడ కదమ్మా, మేకులు పట్టవు. గోడకి కాకుండా కాళ్ళు నేలలో దింపుతాను" అన్నాడు. దాని బొమ్మలో గోడ అంటే ఒట్టి తలమే, మందం లేదు, సున్నం రాలదు. అమ్మాయి అక్కడే కూర్చుని మరో మూడు కాళ్ళు పెట్టింది. అతుకుల దగ్గర చేతికి గరుకు తగలకుండా బాగా రుద్దమని నేను చెప్పాను. అతుకులన్నీ చెయ్యి పెట్టి చూసే తీసుకున్నాను.

రాయి వేశారు, పైపు దిగింది. అమ్మాయి వైజాగ్‌లో ఉండగానే బిగించారు. మావయ్యగారు ఎడమ చేత్తో పట్టుకుని దిగారు, రెండో వైపు పట్టుకుని ఎక్కారు. మళ్ళీ దిగారు, మళ్ళీ ఎక్కారు. నాతో ఏమీ అనలేదు. సాయంత్రం వీధరుగు మీద ఆయన స్నేహితుడొస్తే అంటున్నారు, "మావోడు గీసింది ఆనపపాదుకి పనికొచ్చింది. నాకు పనికొచ్చింది మనవరాలు గీసింది" అని. లోపల మావారు విననట్టు పేపరు తిప్పారు.

కట్టు విప్పాక మార్చిలో తెల్లవారుజామున గుడికి కూడా వెళ్ళొచ్చారు. కిరణం చూశారా అంటే, "ఏటి చూస్తాం, ముందోళ్ళ వీపులు కనిపించాయి" అన్నారు. అక్టోబరుకి మనవరాలిని తీసుకెళ్తారట, అది పొడుగు కదా, ఎత్తి ఫోన్‌లో తీస్తుందని.

రాత్రి పడుకునే ముందు మంచం పక్కన చెంబుతో నీళ్ళు పెడుతున్నాను. పొద్దున్నకి ఖాళీగా ఉంటోంది. ఏ రెండింటికో ఆయన లేస్తారు. నాకు మెలకువ వస్తుంది గానీ లేవను. ఆయన ఎడమ చేతి ఉంగరం స్టీలు పైపుకి తగిలి టంగుమంటుంది. తలుపు దగ్గర ఒకసారి, మూల దగ్గర ఒకసారి, తర్వాత మెట్టుకొకటి చొప్పున మూడు. కాసేపటికి ఎక్కుతున్నప్పుడు రెండో పైపు మీద అవే మూడు. అరుగు మీదకి వచ్చినట్టు చెప్పుల చప్పుడు వినబడగానే నేను అటు తిరిగి పడుకుంటాను.